మళ్ళీ మల్లక్క, పురుగుల జ్వరం

అనగా అనగా, ఏరు ఉండి నీళ్ళు లేని ఒక ఊళ్ళో మల్లక్క అని ఒకామె ఉండేది. కాళ్ళు దుప్పట్లో పెట్టుకో, చెబుతా.

ఆ ఊరు పెన్న ఒడ్డున ఉంది. ఒడ్డయితే ఉంది గానీ ఏట్లో నీళ్ళు కనపడటమే అరుదు. ఎటు చూసినా ఇసకే. అయినా ఆ ఊరివాళ్ళు బావులు తవ్వుకున్నారు, మల్బరీ తోటలు వేసుకున్నారు. ఆ ఆకు పట్టుపురుగులకి మేత. పురుగులు ఆకు తిని తిని, పెద్దవై, నోట్లోంచి దారం తీసి గూళ్ళు కట్టుకుంటాయి. నీ పట్టులంగా ఉందే, అదంతా ఒకప్పుడు పురుగు నోట్లో దారమే. ఛీ అనకు. మొత్తం విన్నాక అను.

ఆ మల్లక్కకి ఒక అలవాటు ఉండేది. ఏ పని చేసినా మళ్ళీ చూసుకోవాలి. తలుపుకి గడియ పెట్టి వీధి చివర దాకా వెళ్ళేది. అప్పుడు గుండె దడదడలాడేది. గడియ పెట్టానా లేదా? మళ్ళీ వచ్చి చూసేది. పెట్టే ఉండేది. మళ్ళీ వీధి చివర దాకా వెళ్ళేది. అప్పుడు, ఇందాక చూసినప్పుడు గడియ తీసి మళ్ళీ పెట్టడం మర్చిపోయానేమో అనుకునేది. మళ్ళీ వచ్చేది.

పప్పులో ఉప్పు వేసేది. వేశానా అనుకునేది. మళ్ళీ వేసేది. వాళ్ళాయన ఓబుళప్ప ఆ పప్పన్నం మాట్లాడకుండా తిని, చెంబెడు నీళ్ళు తాగి, తోటకి వెళ్ళిపోయేవాడు.

ఊళ్ళో పిల్లలు ఆమెకి పేరు పెట్టేశారు. ఆమె వీధిలో కనపడితే చాలు, "మళ్ళీ మల్లక్కా, గడియ పెట్టావా?" అని అరిచేవాళ్ళు. ఆమె నిజంగానే ఆగి, వెనక్కి తిరిగి వెళ్ళేది. పాపం అనిపిస్తోంది కదూ? నాకూ అనిపిస్తుంది. ఆమెది పిచ్చి కాదు, భయం. తను ఒక్కటి మర్చిపోతే దాని వల్ల ఇంట్లో ఎవరికో ఏదో అయిపోతుందని భయం.

మల్లక్కకి ఒక కూతురు. పేరు పెన్నమ్మ. ముద్దుగా పెన్ని. పెన్ని పాకాల్సినప్పుడు పాకింది, నడవాల్సినప్పుడు నడిచింది. అమ్మ కొంగు చివర పిడికిట్లో పట్టుకుని ఇల్లంతా తిరిగేది. బల్లి అరిస్తే తల తిప్పి చూసేది, పిలిస్తే వచ్చేది. అన్నీ చేసేది గానీ మాట్లాడేది కాదు.

తనతోటి పిల్లలు అమ్మా అన్నారు, అత్తా అన్నారు. ఆ తర్వాత ఒకళ్ళనొకళ్ళు తిట్టుకోవడం కూడా నేర్చుకున్నారు. పెన్ని మాత్రం వేలు పెట్టి చూపించేది, అంతే.

పక్కింట్లో గౌరక్క అని ఒకావిడ ఉండేది. ఆవిడ నోరు ఊరుకునేది కాదు. బావి దగ్గర బిందె దించి అనేది, "నీళ్ళు లేని ఏటి పేరు పెడితే మాటలు లేని పిల్ల కాక ఇంకేమవుతుందే?"

ఇంకోరోజు అంది, "మల్లక్కా, నువ్వు ప్రతి మాటా రెండుసార్లు వాడేస్తావు. ఇంక పిల్లకి మాటలెక్కడ మిగిల్తాయి?"

బావి దగ్గర అందరూ నవ్వారు. మల్లక్క కూడా నవ్వింది. ఇంటికి వచ్చాక కూర్చుని ఏడ్చింది. నిజంగా అంతేనేమో, నా మాటలే ఎక్కువైపోయాయేమో అని ఆ పూటంతా నోరు విప్పలేదు. పెన్ని వచ్చి అమ్మ మూతి మీద వేలు పెట్టి, ఏమైందన్నట్టు చూసింది.

అప్పుడు మల్లక్క ఇలా ఊరుకుంటే లాభం లేదనుకుంది. ముందుగా వసకొమ్ము అరగదీసి పాప నాలిక మీద రాసింది. వస రాస్తే పిల్లలకి మాటలొస్తాయని అంటారులే. ఒకసారి రాసింది. సరిగ్గా రాశానా అనుకుని మళ్ళీ రాసింది. నాలిక మంటపుట్టి పెన్ని ఏడుపు లంకించుకుంది. ఆ ఏడుపు ఊరంతా వినపడింది. మాట మాత్రం రాలేదు.

ఆ తర్వాత చిలక కొరికిన జామపండు పెడితే చిలకలా పలుకుతారని ఎవరో చెప్పారు. మల్లక్క జామతోటలన్నీ తిరిగి ఒక కొరికిన పండు తెచ్చి పెట్టింది. పెన్ని తినేసింది. అప్పుడు మల్లక్కకి అనుమానమొచ్చింది.

"ఏమయ్యా, అది చిలక కొరికిందా, ఉడత కొరికిందా? ఉడతదైతే ఎట్లా?"

ఓబుళప్ప ఆలోచించి, "ఉడతదైతే చెట్లెక్కుతుందిలే" అన్నాడు.

ఆ తర్వాత మల్లక్క కొండెక్కింది. ఆ ఊరి కొండ మీద నరసింహస్వామి గుడి ఉంది. దణ్ణం పెట్టి మొక్కుకుంది. "స్వామీ, నా బిడ్డ నోట ఒక్క మాట వినిపించు. పెద్ద మాట అక్కర్లేదు, చిన్నదైనా చాలు. వినిపిస్తే నీ కొండ మెట్లన్నీ నా చేత్తో కడుగుతాను."

మొక్కుకుని దిగింది. సగం మెట్లు దిగాక ఆగిపోయింది. బిడ్డ పేరు చెప్పానా? ఊళ్ళో ఎంతమంది బిడ్డలు! మళ్ళీ ఎక్కింది, పేరు చెప్పింది, దిగింది. కింద దాకా వచ్చాక ఇంకో అనుమానం. మెట్లన్నీ అన్నానా, మెట్లు అన్నానా? మళ్ళీ ఎక్కింది. అప్పటికి పూజారి శేషాచార్లు తలుపు వేస్తున్నాడు.

"ఏమ్మా, ఏం మర్చిపోయావు?"

"స్వామి విన్నాడో లేదో అని..."

"ఆయనవి సింహం చెవులమ్మా. ఎంతెంత ఉన్నాయో చూడు. ఇంటికెళ్ళు" అన్నాడు ఆయన.

మల్లక్క ఇంటికెళ్ళింది. ఎదురు చూడటం మొదలుపెట్టింది.

ఒక ఎండాకాలం గడిచిపోయింది. ఆ తర్వాత వానాకాలం వచ్చింది గానీ వాన రాలేదు. ఆ తర్వాత చలికాలం పోయింది. పెన్ని జడ పొడుగైంది. మాట రాలేదు. మల్లక్క పొద్దున లేస్తూనే కొండ వైపు చూసి, "విన్నావా?" అని అడిగేది. అన్నం కలుపుతూ అడిగేది, ఆకు కోస్తూ అడిగేది. ఎవరో ఒకరు తలుపు తీసి సమాధానం చెప్తారన్నట్టు చెవి ఒగ్గి నిలబడేది. గాలి తప్ప ఏమీ ఉండేది కాదు.

నిద్రొస్తోందా? రాలేదా? సరే, పక్కకి తిరిగి విను.

వాళ్ళింట్లో పురుగుల గది ఒకటి ఉంది. దాన్ని మల్లక్క అత్తగారు హనుమక్క చూసుకునేది. మల్లక్క పుట్టిల్లు వేరుశనగ పండే ఊళ్ళో. ఆమెకి పురుగుల సంగతి తెలీదు. హనుమక్క ఆమెని ఆ గదిలోకి రానిచ్చేదే కాదు. "నీ చేతికి కుదురు లేదు తల్లీ, నువ్వు వంట చూసుకో చాలు" అనేది.

ఆ ఏడు హనుమక్క బావి గట్టు మీద జారింది. కాలు వాచి దిమ్మలా అయింది. ఇంక మంచం మీదే. అప్పుడు పురుగుల గది మల్లక్క చేతికి వచ్చింది.

అప్పుడే గుడ్లు పగిలిన పురుగులు ఎట్లా ఉంటాయనుకున్నావు? మసి రాల్చినట్టు ఉంటాయి, అంత చిన్నవి. మల్లక్క లేత ఆకు సన్నగా తరిగి, వెదురు తట్టల్లో వాటి మీద చల్లింది. చీమలెక్కకుండా బల్ల కాళ్ళ కింద నీళ్ళ గిన్నెలు పెట్టింది. గిన్నెల్లో నీళ్ళున్నాయా అని మళ్ళీ మళ్ళీ చూసింది. ఆ పనికి మాత్రం ఆమె అలవాటు బాగానే ఉపయోగపడింది. పురుగులు పెరిగాయి.

ఒకరోజు ఓబుళప్ప గదిలోకి తొంగి చూసి, బయటికి వెళ్తూ, "పురుగులు జ్వరానికి కూర్చున్నాయే, చూసుకో" అని చెప్పి వెళ్ళిపోయాడు.

మల్లక్క చేతిలో పని అక్కడే వదిలేసింది. గదిలోకి పరిగెత్తింది. నిజమే! ఒక్కటీ ఆకు ముట్టట్లేదు. ఒక్కటీ కదలట్లేదు. అన్నీ తలలు పైకెత్తి బిగుసుకుపోయి ఉన్నాయి.

అత్తగారు చూస్తే కాలి నొప్పికి మందు వేసుకుని నిద్రపోతోంది. ఏం చేస్తుంది పాపం? ధనియాలు, మిరియాలు, శొంఠి వేసి కషాయం కాచింది. చల్లార్చింది. వేళ్ళతో ఒక తట్ట మీద చిలకరించింది. సరిపోయిందా అనుకుని మళ్ళీ చిలకరించింది. చలి వేస్తుందేమోనని పైన పాత దుప్పటి కూడా కప్పింది.

నవ్వకు. సరే, నవ్వుకో.

మర్నాటికి ఆ తట్టలో పురుగులన్నీ కుళ్ళిపోయాయి. పురుగుకి తడి తగిలితే బతకదు మరి.

హనుమక్క మంచం మీదే లేచి కూర్చుంది. నెత్తి బాదుకుంది. తర్వాత కషాయం సంగతి విని, కోపంలో ఉండి కూడా నవ్వాపుకోలేకపోయింది. "జ్వరమంటే ఒళ్ళు కాలే జ్వరం కాదే! పురుగు పెరిగే కొద్దీ పాత చర్మం బిగుతైపోతుంది. దాన్ని విడిచెయ్యాలి. అందుకని తిండి మాని, తలెత్తి, కదలకుండా కూర్చుంటుంది. లోపల కొత్త చర్మం తయారవుతుంది. అప్పుడు పాతది విడిచి లేస్తుంది."

"మరి జ్వరమని ఎందుకంటారత్తా?"

"తిండి మానేసి మూల కూర్చుంటే జ్వరమనక పెళ్ళి అంటారా?"

రెండో జ్వరం వచ్చింది. ఈసారి మల్లక్క కషాయం కాచలేదు. కానీ మనసు ఆగదే! కొన్ని పురుగులు ముందు లేచాయి. ఆకలి, ఆకలి అన్నట్టు తలలు అటూ ఇటూ ఊపాయి. ఆమె చూడలేక ఆకు వేసేసింది. లేచినవి తిన్నాయి. ఇంకా కూర్చున్నవి ఆ ఆకు కింద పడి నలిగిపోయాయి. బతికినవాటిలో కొన్ని లావు, కొన్ని సన్నం. పంతానికి పెంచినట్టు ఏ రెండూ ఒకలా లేవు.

"చివరిది కూడా లేచేదాకా ఎవరికీ ఆకు వెయ్యకూడదే" అంది హనుమక్క.

మూడో జ్వరం వచ్చింది. ఈసారి మల్లక్క ఆకు వెయ్యలేదు. కానీ బతికే ఉన్నాయా లేదా అన్న అనుమానం ఆమెని కుదురుగా ఉండనివ్వలేదు. కోడి ఈక తెచ్చి ఒక్కోదాన్నీ మెల్లగా కదిపి చూసింది. కదిలితే, అమ్మయ్య అనుకుంది. కాసేపటికి మళ్ళీ కదిపింది. అట్లా కదిపినవి చర్మం సగం విడిచి సగం అంటుకుపోయి, లేవలేక చచ్చిపోయాయి.

హనుమక్కకి ఈసారి నవ్వు రాలేదు. "వాటి చొక్కా అవి విప్పుకుంటుంటే నువ్వు చేతులు పట్టుకుని లాగుతావేమే?" అని గోడ వైపు తిరిగి పడుకుంది.

ఆ రోజు మల్లక్క అన్నం తినలేదు. నేనేది ముట్టుకున్నా పాడైపోతోంది అనుకుంది. తలుపు పక్కన కూర్చున్న పెన్నిని చూసింది. వస రాసి రాసి నాలిక కాల్చిన రోజు గుర్తొచ్చింది. రోజూ ముఖం ముందు కూర్చుని, "అమ్మా అను, అమ్మా అను" అని తను అడుగుతుంటే పాప తల దించుకుని లేచిపోవడం గుర్తొచ్చింది. నేనా బిడ్డని కూడా ఈక పెట్టి కదుపుతున్నానా? 

అప్పుడు పెద్ద జ్వరం వచ్చింది. నాలుగోది. గూడు కట్టే ముందు వచ్చే ఆఖరి జ్వరం అదే. అన్నిటికన్నా ఎక్కువసేపు ఉంటుంది. తట్టల్లో సగమే మిగిలాయి. అవి కూడా పోతే ఇంక ఆ ఏడు గూళ్ళే లేవు.

హనుమక్క కోడల్ని పిలిచింది. "ఈసారి నువ్వే కూర్చో."

"నావల్ల కాదత్తా. నేను వెళ్తే వాటికే చేటు."

"నీవల్లే అవ్వాలి, నా కాలు లేవదు గదా. చెయ్యి పెట్టకు. ఆకు వెయ్యకు. అంతే."

"మరి నేనేం చెయ్యాలి?"

"ఏమీ చెయ్యకుండా కూర్చోవాలి. అది వంట కన్నా కష్టం. వెళ్ళు."

మల్లక్క వెళ్ళింది. ఓబుళప్ప ఏటి అవతల తోట నుంచి పచ్చని ఆకు గంపెడు కోసి తెచ్చి గదిలో ఒక మూల పెట్టి, పైన తడిగోనె కప్పి, ఇంకో మోపు కోసం మళ్ళీ వెళ్ళిపోయాడు. గదిలో మల్లక్క. ఆమె కొంగు పట్టుకుని పెన్ని. తట్టల్లో మిగిలిన పురుగులు.

బయట మిట్టమధ్యాహ్నం. కిటికీలకి గోనెలు కట్టి ఉన్నాయి కాబట్టి లోపల చీకటి చీకటిగా, చల్లగా ఉంది. పురుగులన్నీ తలలెత్తి కూర్చున్నాయి. అన్నీ ఒకే వైపు, పైకి చూస్తున్నాయి. కప్పు మీద ఎవరో ఉన్నారన్నట్టు.

మల్లక్క చేతులు ఒళ్ళో పెట్టుకుంది. వేళ్ళు వాటంతటవే కదిలాయి. చేతులు తొడల కింద పెట్టుకుని వాటి మీద కూర్చుంది.

గిన్నెల్లో నీళ్ళున్నాయా? ఉన్నాయి, ఇందాకే చూశాను. బల్లి దూరిందా? లేదు. దూరినా తెలుస్తుందా? తలుపు? పొయ్యి ఆర్పానా? లేచింది. కూర్చుంది. మళ్ళీ లేచింది. పెన్ని కూడా కొంగు పట్టుకుని ఆమెతోపాటు లేచి, ఆమెతోపాటు కూర్చుంది.

అప్పుడు మల్లక్కకి కోపమొచ్చింది. పురుగుల మీద కాదు. కొండ మీదాయన మీద.

"విన్నానని ఒక్కసారి చెప్తే నీ సొమ్మేం పోతుందయ్యా?" అంది మనసులో. "ఇయ్యనంటే ఇయ్యనను. ఎప్పుడో ఇస్తానంటే ఎప్పుడో చెప్పు. ఇట్లా ఏమీ అనకుండా కూర్చుంటే మేమేమైపోవాలి? మర్చిపోయావా? నా కన్నా పెద్దపని ఏదో పడిందా నీకు?"

అట్లా అడుగుతూ అడుగుతూ ఆమె కళ్ళు మూల ఉన్న ఆకు మీద పడ్డాయి.

అంత ఆకు ఉంది. ఈ పురుగుల కోసమే కోసింది. తను ఇక్కడే ఉంది, గంప చేతికి అందేంత దూరంలో. పెట్టాలని చేతులు దురద పెడుతున్నాయి. పెట్టకూడదు. పెడితే చస్తాయి. ఆ పురుగుకి నోరుంటే ఏమంటుంది? "మల్లక్కా, మర్చిపోయావా? ఇంకేదో పని పడిందా నీకు?" అనదూ?

మర్చిపోలేదే, ఇక్కడే ఉన్నానే, నీ పక్కనే కూర్చున్నానే అని ఆమె ఆ పురుగుతో గట్టిగా చెప్పాలనుకుంది. చెప్తే దానికి వినపడుతుందా?

అప్పుడు మల్లక్కకి అంతకు ముందెప్పుడూ తట్టని మాట ఒకటి తట్టింది. ఆయన కూడా ఇట్లాగే ఆకు గంప పక్కన పెట్టుకుని కూర్చున్నాడేమో. ఆయన చేతులు కూడా ఇట్లాగే దురద పెడుతున్నాయేమో.

ఆ మాటతో ఆమె గుండెదడ తగ్గిపోయిందని చెబితే అబద్ధమవుతుంది. తగ్గలేదు. కానీ విన్నావా అని అడగడం మాత్రం ఆ పూట ఆగింది.

చాలాసేపు గడిచింది. అప్పుడు ఒక పురుగు కదిలింది. పాత చర్మం వెనక్కి జారింది, చిన్న బూడిదరంగు తొడుగులా. పురుగు కొత్తగా, తెల్లగా బయటికి వచ్చి తల ఊపింది. ఆ తర్వాత ఇంకోటి. ఆ తర్వాత తట్టంతా అక్కడక్కడా తలలు ఊగడం మొదలైంది. ఆకలి, ఆకలి, ఆకలి.

కూర్చున్నవి ఇంకా చాలానే ఉన్నాయి.

మల్లక్క చూసింది. ఎంత సేపట్నుంచి పస్తులున్నాయో! ఒక్క రెమ్మ వేస్తే ఏమవుతుంది? ఆ మూల ఉన్నవాటికి మాత్రం, ఒక్కటి? ఆమెకి తెలీకుండానే లేచింది. గోనె తీసింది. దోసిలి నిండా ఆకు పట్టుకుని తట్ట మీదికి వంగింది.

వెనక నుంచి కొంగు లాగినట్టైంది.

"ఉండు."

"ఉంటాన్లే తల్లీ, ఉంటాను" అని మల్లక్క ఆకు గంపలో వేసేసి, మళ్ళీ గోనె కప్పి, వచ్చి కూర్చుంది.

కూర్చున్నాక తట్టింది ఆమెకి, ఎవరో మాట్లాడారని.

గదిలో ఇంకెవరూ లేరు. హనుమక్క బయట మంచం మీద గురక పెడుతోంది. ఓబుళప్ప ఏటి అవతల ఉన్నాడు. మల్లక్క మెల్లగా తల తిప్పింది. పెన్ని కొంగు చివర పిడికిట్లో పట్టుకుని తట్టల వైపు చూస్తోంది. ఏమీ జరగనట్టు.

పురుగులకి ఆకు వెయ్యొద్దని ఆగమందా, ఊరికే లేచిపోకుండా తన పక్కన ఉండమందా, అది పెన్నికే తెలియాలి. మనం ఆగమనడానికీ "ఉండు" అనే అంటాం, దగ్గర ఉండమనడానికీ "ఉండు" అనే అంటాం.

మల్లక్క గొంతు దాకా ఒక మాట వచ్చింది. ఏ మాటో నీకు తెలుసు. ఆ మాటతోనే కదా ఊరు ఆమెకి పేరు పెట్టింది! మళ్ళీ అనవే తల్లీ, ఒక్కసారి మళ్ళీ అను అని నాలిక చివర దాకా వచ్చింది. నిజంగా విన్నానా? నా చెవులే అన్నాయేమో? ఇప్పుడు అడక్కపోతే ఎప్పటికీ తెలీదేమో?

నోరు తెరిచింది. మళ్ళీ మూసింది. ఆ మాటని మింగేసింది. చేదు మందు మింగినంత కష్టపడి మింగింది. పాపని దగ్గరికి లాక్కుని ఒళ్ళో కూర్చోబెట్టుకుంది.

అట్లాగే ఇద్దరూ కూర్చున్నారు, చిట్టచివరి పురుగు లేచేదాకా.

అప్పుడు ఇద్దరూ కలిసి ఆకు వేశారు. అన్ని నోళ్ళూ ఒక్కసారే నమలడం మొదలుపెట్టాయి. ఆ చప్పుడు ఎట్లా ఉంటుందో తెలుసా? పూరింటి మీద వాన పడ్డట్టు ఉంటుంది. ఆ ఊరు వాన చప్పుడు విని ఎంత కాలమైందో! హనుమక్క మంచం మీద ఉలిక్కిపడి లేచి, "వానొచ్చిందా?" అని అడిగింది.

ఆ తర్వాత పురుగులు గూళ్ళు కట్టాయి. చంద్రికలని చుట్టలు చుట్టిన వెదురు చాపలుంటాయి, వాటి నిండా కట్టాయి.

ఈ లోపల పెన్ని మాట్లాడిందన్న సంగతి ఊళ్ళో పాకింది. గౌరక్క వచ్చి పెన్ని ముందు చతికిలబడింది. "ఏదే, ఉండు అన్నావంటనే! మళ్ళీ అను చూద్దాం."

పెన్ని అమ్మ వెనక దాక్కుంది.

"అనదేంటే? నువ్వు కల కన్నావేమో మల్లక్కా. పురుగుల గదిలో కునుకు పట్టి ఉంటుంది."

"అంది. నేను విన్నాను" అంది మల్లక్క.

"ఇంకెవరైనా విన్నారా?"

"లేదు."

"అయితే మళ్ళీ అనిపించు!"

ఊరంతా అదే పాట. మళ్ళీ అనిపించు, మళ్ళీ అనిపించు. ఎన్నడూ రెండోసారి అడగనివాళ్ళు కూడా అడిగారు. పెన్ని నోరు విప్పలేదు. రాత్రుళ్ళు మల్లక్క లోపల కూడా ఆ గొంతే వినపడేది. విన్నావా? నిజంగా విన్నావా? ఆమె అటు తిరిగి పడుకునేది, ఇటు తిరిగి పడుకునేది. పాపని మాత్రం అడగలేదు.

ఒకరోజు పొద్దున్నే చీపురు, బిందె తీసుకుని కొండకి బయలుదేరింది. పెన్ని చిన్న చెంబు పట్టుకుని వెనకాలే వెళ్ళింది. గడియ పెట్టానా అని మల్లక్క వీధి చివర నుంచి ఒకసారి వెనక్కి వచ్చిందిలే. అలవాటు అంత తొందరగా పోతుందా?

మెట్ల దగ్గర శేషాచార్లు ఎదురొచ్చాడు. "ఏమ్మా, మళ్ళీ చెప్పుకోవడానికి వచ్చావా?"

"లేదు స్వామీ, మొక్కు తీర్చుకోవడానికి."

"పాప మాట్లాడుతోందా?"

"ఒక మాట అంది. నేనే విన్నాను."

ఆయన ఆమె ముఖంలోకి చూశాడు.  పక్కకి తప్పుకున్నాడు.

మల్లక్క పై మెట్టు నుంచి కడగడం మొదలుపెట్టింది. ఆమె చీపురుతో రుద్దితే, పెన్ని చెంబుతో నీళ్ళు పోసేది. ఇంకెవరూ వినని ఒక్క మాట కోసం అన్ని మెట్లు. మోకాళ్ళు ఒరుసుకుపోయాయి. దేవుడు ఇచ్చాడో లేదో ఊరు తేల్చుకోలేదు. ఆమె మాత్రం ఇచ్చాడనే కడిగింది. రుద్దుతుంటే అనుమానం వచ్చేది. వస్తే రానిమ్మని ఆ మెట్టు ఇంకొంచెం గట్టిగా రుద్దేది.

సగం మెట్లు అయ్యేసరికి గౌరక్క కింది నుంచి పైకి వస్తోంది, పూలబుట్ట పట్టుకుని. నడుం మీద చెయ్యి వేసుకుని మెట్టు మధ్యలో నిలబడింది.

"ఒక్క మాటకే ఇన్ని మెట్లా? రేపు ఈ పిల్ల పాట పాడితే కొండనే కడుగుతావా ఏంటే?"

పెన్ని చెంబు నిండా నీళ్ళతో వచ్చింది. పొయ్యాల్సిన చోట గౌరక్క కాళ్ళున్నాయి. పెన్ని తలెత్తి ఆవిడ వైపు చూసింది. చెంబు బరువుగా ఉంది.

"జరుగు" అంది.

గౌరక్క జరిగింది. జరిగాక నోరు తెరుచుకుని ఉండిపోయింది. బుట్టలో పూలు మెట్ల మీద పడ్డాయి.

"అమ్మమ్మమ్మా! ఏమన్నావే? మళ్ళీ అనవే! మల్లక్కా, విన్నావా? మళ్ళీ అనమనవే!"

మల్లక్క మళ్ళీ అనమనలేదు. కళ్ళలో నీళ్ళు వస్తుంటే మోచేత్తో తుడుచుకుంది. కింది మెట్టుకి దిగి, "ఇక్కడ పొయ్యి తల్లీ" అంది.

పెన్ని పోసింది.

ఆ తర్వాతా? ఆ తర్వాత పెన్ని ఎంత వాగిందంటే, ఆపమన్నా ఆపేది కాదట. నీలాగే. ఇంక నువ్వు ఆపు, కళ్ళు మూసుకో.

కథ నడిచె కంచికి,
కునుకు నడిచె కంటికి,
పురుగు చేరె గూటికి,
మనం చేరాం ఇంటికి.